ఎలుకలకు మొదటి ముద్ద

నేను ఎలుకల ఉచ్చ కొలుస్త. గిట్ల సక్కగ చెప్తెనే మా కాలనీలోల్లకు సమజైతది. పెద్ద పెద్ద పేర్లు చెప్తే అంత విని, "గట్లయితె నువ్వు డాక్టరమ్మవా?" అని మల్ల మొదటికే వస్తరు. గోదావరిఖని అవతల ఒక ఫార్మసీ కాలేజీల పీహెచ్‌డీ చేస్తున్న. నవ్వేటోల్లు నవ్వుతరు, నవ్వనియ్యి. మా బాపు మాత్రం ఎన్నడు నవ్వలే.

మా బాపు నర్సింగం బొగ్గు బాయిల పని చేసేటోడు. షిఫ్టుల ఉండంగనే పైనుంచి బండ కూలి నడుము మీద పడ్డది. నడుము కింద పాణం లేదు. కాళ్ల సంగతి అందరికి కనవడ్తది, అయ్యో పాపం అంటరు. ఉచ్చ సంగతి ఇంట్లోల్లకే ఎరుక. ఉచ్చ తిత్తి నిండినా తెల్వది, ఆపుకుందామన్నా ఆగది. చుక్క చుక్క కారుతనే ఉంటది, లోపల మాత్రం మిగిలిపోతది. గొట్టం పెట్టి తియ్యాలె. ఆ మిగిలిందే ఇప్పుడు కిడ్నీలను ఖరాబు చేస్తున్నది. ఆ తిత్తిని బాగుచేసే మందునే నేను ఎలుకల మీద చూస్తున్న. అది పని చేసినా మా బాపు నోట్లకు రావడానికి ఏండ్లు పడ్తదని నాకు తెల్సు. అయినా ఆ మందు మీదనే నా పాణమంత. అబద్ధమెందుకు చెప్పాలె.

కొలుసుడు పెద్ద ఇకమతేం కాదు. నడుము నరం దెబ్బతిన్న చిట్టెలుకను పంజరంల ఫిల్టర్ కాగితం మీద ఇడుస్తం. కొన్ని గంటలైనంక ఆ కాగితాన్ని యూవీ లైటు కింద పెడ్తే ఉచ్చ పడ్డకాడల్ల మెరుస్తది. మంచిగున్న ఎలుక ఒక మూలకు పోయి పెద్ద మరక చేస్తది. తిత్తి చెడినది కాగితమంత చుక్కలు చుక్కలు చేస్తది. మందు పని చేస్తే చుక్కలు పోయి మరకలు రావాలె. నేను ఎదురుచూసేది గా మరక కోసమే.

మందు ఆఖరి పరీక్ష నాడే బాపుకు ఉచ్చల చీము చేరి చలిజ్వరం వచ్చింది. దవాఖానకు తోల్కపోవాలె. ఎలుకలను కాగితాల మీద ఇడిచి, రాయమల్లు కాకను గదిల కూసోమని చెప్పి ఉరికిన. కాక ఆ ఎలుకల గదికి అటెండరు. బాయిల రిటైరైనంక నేనే చెప్పి పెట్టిచ్చిన. అంతకుముందు బాపు తోటి ఒకటే షిఫ్టుల బాయి దిగినోడు. బండ కూలిననాడు పక్కనే ఉన్నడు, ఆయనకు గీత గూడ పడలే.

తెల్లారి కాగితాల ఫోటోలు చూసిన. ఆ ఫోటోలల్ల రంగు ఉండది, నలుపు తెలుపే. ప్రతి కాగితం నిండ చుక్కలే. మందిచ్చిన ఎలుకలు, ఇయ్యని ఎలుకలు, అన్ని ఒకటే తీరు. మందు ఏం పని చెయ్యలేదనుకున్న. మా గైడు అచ్యుతరావు సారు వచ్చి చూసి, కాగితాలు దాచిపెట్టుమని చెప్పి పోయిండు.

కాగితాలు తీసి పక్కకు పెడ్తుంటె కిటికీ ఎలుగుల పచ్చపచ్చగ కనవడ్డయి. వాసన చూస్తే పప్పు వాసన. పసుపు గూడ ఆ లైటు కింద మెరుస్తది. అంటె ఆ చుక్కలన్ని ఉచ్చవి కాకపోవచ్చు. పోయిన పాణం తిరిగొచ్చింది, ఎంబడే కోపం గూడ వచ్చింది.

వరండల కాకను పట్టుకొని, ఎలుకలకు ఏం పెట్టినవని అడిగిన. దాచలే. సద్ది తినేటప్పుడు తలా ఒక చిన్న పప్పన్నం ముద్ద పెట్టిన అన్నడు. నోటికొచ్చినట్టు తిట్టిన. నా కాగితం నీకు ఇస్తారాకు లెక్క కనవడ్డదా అన్న. ఆయన తలకాయ దించుకొని అంత విన్నడు.

బాయిల సద్ది విప్పితే మొదటి ముద్ద ఎలుకకే. ఇది నాకు చిన్నప్పటిసంది తెల్సిన ముచ్చటనే. పైన బండ కదిలేది మనకంటె ముందు ఎలుకకు ఎరుకైతదట. అది ఉరికితే మనం ఉరకాలె. అందుకే దాన్ని ఎవ్వరు కొట్టరు, దానికి పెట్టకుంట ఎవ్వరు తినరు. నాకు తెల్వని ముచ్చట కాక గప్పుడు చెప్పిండు.

"ఆనాడు శాన ఆకలైతుండె బిడ్డా. ముద్ద పెట్టకుంటనే తిన్న. నా దగ్గరికి ఎలుక రాలే. వస్తే ఉరికేది, చూసి మీ బాపును గుంజుకొని నేను గూడ ఉరికేటోన్ని."

ఇన్నేండ్లు గీ మాట ఎవ్వరికి చెప్పలేదట. బాపుకు గూడ.

బాపును దవాఖాన నుంచి ఇంటికి తెచ్చినంక, గొట్టం పెట్టుకుంట కాక మాట చెప్పి అడిగిన. ఆనాడు బాపు తను ముద్ద పెట్టిండట, ఎలుక గూడ వచ్చిందట. అది తినుకుంటనే ఉండెనట. బండ దాని మీద గూడ పడ్డదట. కాక టోపీ లైటు అవతలి దిక్కు ఉండె, ఆయనకు కనవడి ఉండది అన్నడు. రాయమల్లు గిదంత మనసుల పెట్టుకున్నడని నాకేం ఎరుక అని కండ్లు మూసుకున్నడు.

కాకకు ఎంబడే చెప్పాల్సింది. మల్ల పరీక్ష చేసి, మంచి ఫలితం వచ్చినంక రెండు ముచ్చట్లు కలిపి సంబురంగ చెప్దామనుకున్న. ఈసారి గది ఇడిచి కదలలే. కాక ముందే వాటి దాణా గోలీలు తలా ఒకటి పెట్టి, చేతులు కడుక్కొని బయట కూసున్నడు.

లైటు కింద పెట్టి చూసిన. చుక్కలే. మందిచ్చినయి, ఇయ్యనియి, తేడా లేదు. కాగితాలు కిటికీకాడికి తెచ్చిన, ఎక్కడన్న ఇంత పసుపు ఉంటె బాగుండని. తెల్లగున్నయి. ఏడుపొచ్చింది, ఏడ్సిన. పని చెయ్యలేదన్నది కూడా రాయాల్సిందేనమ్మా అని సారు మెల్లగ చెప్పి పోయిండు. బాపుకు ఏం చెప్పాల్నో తోస్తలేదు.

కాక తలుపుకాడ నిలవడ్డడు.

"మల్ల నా ముద్దేనా బిడ్డా?"

అవుననాలె అనిపించింది. అవునంటె నా మందు మీద మాట రాదు. ఇంకో బ్యాచ్ అడగొచ్చు, ఇంకొన్నొద్దులు ఆశ పెట్టుకోవచ్చు. ఆయన మొఖం చూసినంక ఆ అబద్ధం చెప్పబుద్ధి కాలే. కాగితం తెచ్చి ఆయన చేతిల పెట్టిన.

"చూడు కాక, పసుపు లేదు. మందుకే చాతకాలే. ఆనాడు బాయిల గూడ నీ ముద్ద తోటి కాలే."

బాపు చెప్పింది చెప్పిన. ఎలుక వచ్చిందని, తినుకుంటనే ఉండెనని, బండ దాని మీద గూడ పడ్డదని. కాక గోడకు ఆనుకొని అట్లనే కింద కూసున్నడు. కాగితం చేతిలనే ఉన్నది.

"దానికి గూడ తెల్వలేదా బిడ్డా?"

"తెల్వలే కాక" అన్న.