జిగ్‌జాగ్ తోక చేప

"ఈ గుంటలో చేపలున్నాయా, దోమలున్నాయా?" అన్నాడు బావగారు గట్టు మీద నిలబడి, లారీ తాళాలు వేలికి తిప్పుకుంటూ.

టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది. మండదా మరి! ఇంటి వెనక ఆ గుంటను ఆయనేమన్నా తవ్వాడా? పెళ్ళైన కొత్తలో తనూ, మొగుడూ చెరో పార పట్టుకుని, అరచేతులు బొబ్బలెక్కేదాకా తవ్వుకున్న గుంట అది. పొద్దస్తమానం కుట్టుమిషను ముందు వంగి కూర్చుని, ఊళ్ళో వాళ్ళందరి నడుములూ కొలిచి కొలిచి, తన నడుము సంగతి మర్చిపోయిన మనిషి ఆవిడ. సాయంత్రం మిషను మీద గుడ్డ కప్పేసి, గుంట మెట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెడితేనే ప్రాణం లేచొచ్చేది. ఇది నాది అని గట్టిగా అనుకోడానికి ఆవిడకు ఉన్నవి ఆ మెట్టూ, ఆ నీళ్ళే.

కానీ స్థలం ఉమ్మడిది. బావగారు, అంటే మొగుడి అన్నయ్య, లారీలు తిప్పే మనిషి. కొత్త లారీ దిగింది, దానికి షెడ్డు కావాలి. గుంటను పూడ్చేస్తే షెడ్డుకు సరిగ్గా సరిపోతుందని ఆయనకు ఎప్పుడు తట్టిందో గానీ, అప్పట్నుంచీ అదే పాట.

"పూడ్చడమేంటి బావగారూ! బొచ్చెలూ, శీలావతులూ పెరుగుతుంటేనూ" అంది టైలరమ్మ.

"ఎక్కడమ్మా? నా కంటికి అన్నీ బెత్తెడు జిలేబీ చేపలే కనిపిస్తున్నాయి."

అక్కడే వచ్చింది చిక్కంతా. వీళ్ళు పిల్లల్ని తెచ్చి వేసింది బొచ్చెల్నీ, శీలావతుల్నీ. గుంట నిండా తిరుగుతున్నవి మాత్రం ఎవరూ పిలవకుండా దిగబడ్డ జిలేబీ చేపలు. ఆ జాతి పద్ధతే అంత. తల్లి పిల్లల్ని నోట్లో దాచుకుని మరీ సాకుతుంది, అవి ఈత నేర్చాయో లేదో మళ్ళీ గుడ్లు. వేసిన మేత వేసినట్టే ఊడ్చేస్తాయి. పోనీ అవన్నా బాగుపడతాయా అంటే అదీ లేదు, అరచెయ్యి దాటి పెరగవు. పక్కవాటిని పెరగనివ్వవు. ఇంకొకళ్ళ ఇంట్లో తిష్ఠవేసి, ఇంటివాళ్ళనే పస్తు పెట్టే చుట్టాల్లాంటి చేపలు.

చివరికి ఇంట్లో అందరి ముందూ ఒక మాట అనుకున్నారు. ఎండలు ముదరకముందే గుంటలో నీళ్ళు తగ్గించి వల లాగాలి. బట్టలు నానేసే పెద్ద గంగాళం మంచి చేపలతో నిండితే గుంట ఉంటుంది. నిండకపోతే ఆ రోజే మట్టి లోడు దిగుతుంది. టైలరమ్మ దర్జాగా "సరే" అనేసింది.

ఆవిడ మొగుడు పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఎంత పొగరుబోతు గేదెకైనా మాటల్లో పెట్టి సూది పొడిచేస్తాడు గానీ, ఇంట్లో బల్లిని కూడా చీపురుతో కొట్టనివ్వడు. అలాంటి మనిషిని కట్టుకుని చేపల మీద యుద్ధానికి దిగడమంటే ఆలోచించుకోండి.

రోజూ తవుడు ముద్దలు వెయ్యబోయే ముందు టైలరమ్మ అల్యూమినియం మూత మీద గరిటెతో టంగ్ టంగ్‌మని కొట్టేది. "చేపలకు భోజనం గంటా?" అని మొగుడు ఏడిపించేవాడు. ఆ చప్పుడు వినగానే జిలేబీలు నోళ్ళు తెరుచుకుని మెట్టు దగ్గరికి ఎగబడేవి. ఓ సాయంత్రం ముద్ద చేతిలో ఉండగానే ఆవిడకు తట్టింది. పిలిస్తే వచ్చే దొంగల కోసం గుంటంతా గాలించడమెందుకు?

పాత వల ముక్కలన్నీ అతికి మిషను మీద పెద్ద వల కుట్టింది. అంచుకు బరువు కోసం బావగారినే అడిగి లారీ పాత బోల్టులు తెచ్చుకుంది. "పట్టుకెళ్ళమ్మా, నీ సరదా ఎందుకు కాదనాలి" అని ఆయన నవ్వుతూనే ఇచ్చాడు. వలను మెట్టు ముందు అడుగున పరిచి, మూత కొట్టి, ముద్దలు వేసి, గుంపు చేరగానే మొగుడూ పెళ్ళాం చెరోపక్క నుంచీ లాగారు. వల నిండా తళతళ! పొరపాటున పడ్డ ఒకటి రెండు శీలావతుల్ని మళ్ళీ నీళ్ళలోకి వదిలేసి, జిలేబీల్ని బకెట్లకెత్తారు. ఒక చేప తోక వల కంతలో బిగుసుకుపోయింది. టైలరమ్మ నడుముకున్న కత్తెర తీసి కంతను కత్తిరించింది. తీరా చూస్తే అది గుడ్డ అంచులు కత్తిరించే జిగ్‌జాగ్ కత్తెర. కంతతో పాటు తోక కొస కూడా పళ్ళుపళ్ళుగా తెగింది.

"అయ్యయ్యో! దూది తెస్తానుండు" అన్నాడు కాంపౌండరు.

"దూదీ వద్దు, దుప్పటీ వద్దు. ఈ బకెట్లన్నీ పట్టుకెళ్ళి నర్సరీ వాళ్ళ ఎరువు గోతిలో పాతిపెట్టి రండి."

అలా వరసగా కొన్ని సాయంత్రాలు పట్టారు. ఆయన బకెట్లు మోసుకెళ్ళడం, ఖాళీ బకెట్లతో ఈల వేసుకుంటూ రావడం. అంత తొందరగా గొయ్యి తవ్వి పూడ్చేస్తున్నాడంటే మొగుడు పనిమంతుడయ్యాడని టైలరమ్మ మురిసిపోయింది. పాపం, పప్పులో కాలేసింది.

కొన్నాళ్ళు పోయాక మూత కొడితే మళ్ళీ అంతే గుంపు! ఒక్కటి కూడా తగ్గినట్టు లేదు. అప్పుడే అటుగా వచ్చిన బావగారు మీసం దువ్వుకుని, "షెడ్డుకు రేకులు చెప్పేస్తానమ్మా" అన్నాడు. టైలరమ్మ మెట్టు మీద కూలబడి నీళ్ళ వంక చూస్తోంది. ముద్ద కోసం ఎగిరి పడ్డ ఒక జిలేబీ తోక ఆవిడ కళ్ళ ముందే తిరిగింది. తోకకు జిగ్‌జాగ్ అంచు! అది తన కత్తెర కోతే. ఊళ్ళో ఏ గుడ్డ మీదున్నా గుర్తుపట్టే కోత, చేప మీదుంటే గుర్తుపట్టదా?

"ఏవండీ!"

ఆ కేకకు కాంపౌండరు టీ గ్లాసుతో సహా వచ్చి నిలబడ్డాడు.

"అదిగో, ఆ తోక చూడండి. గోతిలో పాతిపెట్టిన చేప లేచి నడిచొచ్చిందా?"

ఆయన టీ గ్లాసు మెట్టు మీద పెట్టాడు. "అది కాదే... బకెట్లో అవన్నీ నోళ్ళు తెరిచి నా మొహంలోకే చూస్తున్నాయి. చేతులాడలేదు. అందుకని కాలువలో..."

"ఏ కాలువలో?"

"మన వెనక కాలువలోనే. బకెట్లు బరువు కదా, ఎంత దూరమని మొయ్యను?"

"మన గుంటకు నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయండీ?"

కాంపౌండరు కాలువ వంక చూశాడు. కాలువ నుంచి గుంటలోకి వచ్చే పైపు వంక చూశాడు. తర్వాత నోటి మీద చెయ్యేసుకున్నాడు. ఇన్నాళ్ళూ చేపలకు షికారు తిప్పి తీసుకొచ్చాడన్నమాట! అసలు మొదట ఆ దొంగలు గుంటలోకి దిగిన దారి కూడా అదే.

కోప్పడదామంటే ఆ మొహం చూసి నవ్వొచ్చింది, నవ్వుదామంటే రాబోయే మట్టి లోడు గుర్తొచ్చింది. టైలరమ్మ లేచి కొంగు దోపుకుంది. "పదండి. ముందు తలుపు వేద్దాం, తర్వాత దొంగల సంగతి చూద్దాం."

దోమతెర గుడ్డను రెండు పొరలు చేసి పొడుగాటి సంచి కుట్టింది. అంచులన్నీ డబుల్ కుట్టు, మూతికి లాగి కట్టే నాడా. దాన్ని పైపు నోటికి బిగించేసింది. నీళ్ళు వస్తాయి, నలుసంత చేపపిల్ల కూడా రాదు. రోజూ పొద్దున్నే ఆ సంచి విప్పి కడిగే పని మొగుడికి అప్పగించింది. పట్టిన జిలేబీల కోసం బాతులు పెంచే ఆవిడ తానే బకెట్లు తెచ్చుకుని వచ్చేది. ఆవిడ వచ్చినప్పుడల్లా కాంపౌండరు మొహం అటు తిప్పుకునేవాడు గానీ, నోరెత్తలేదు. నోరెత్తే మొహం ఎక్కడుంది కనుక! మూలమూలలా మిగిలిన నలకపిల్లల పని పట్టడానికి బాతులావిడే నాలుగు కొర్రమీనుల్ని తెచ్చి గుంటలో వదిలింది. మూత మోగుతూనే ఉంది, వల లాగుతూనే ఉన్నారు. గుంపు పలచబడింది, ఇంకా పలచబడింది. ఒకరోజు మూత కొడితే జిలేబీ ఒక్కటీ రాలేదు. టైలరమ్మ ముద్దలు మాత్రం మానలేదు. వేసినవి వేసినట్టు మాయమవుతూనే ఉన్నాయి.

అనుకున్న రోజు రానే వచ్చింది. బావగారు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. వీధిలో మట్టి ట్రాక్టరు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది, చూశారా ఆయన తొందర! నీళ్ళు నడుము లోతుకు దించారు. నలుగురు పట్టుకుని వలను గుంట ఆ చివర నుంచి ఈ చివరకు లాగారు. వల తేలిగ్గా వచ్చేసింది. లోపల రెండు శీలావతులు, ఒక కొర్రమీను, ఎవరిదో పాత చెప్పు. అంతే. వల కింద బురదలోంచి పెద్ద చేపలన్నీ జారిపోయాయి.

"ఇంకేముందమ్మా" అన్నాడు బావగారు, ట్రాక్టరు వైపు చెయ్యి ఊపుతూ. "మనసు కష్టపెట్టుకోకు. అంతా ఇంటి మంచికేగా."

టైలరమ్మ మొగుడి వంక చూసింది. ఆయన అప్పటికే పరుగెత్తుకెళ్ళి వంటింట్లోంచి మూతా, గరిటె తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు. "కొట్టవే" అన్నాడు గట్టిగా. "ఇన్నాళ్ళూ నీ ముద్దలు తిన్నదెవరో రమ్మను."

వల మళ్ళీ మెట్టు ముందు పరిచారు. టైలరమ్మ ముద్దలు విసిరి మూత కొట్టింది. టంగ్! టంగ్! టంగ్!

నీళ్ళు కదల్లేదు. బావగారు దగ్గాడు. మళ్ళీ కొట్టింది, ఇంకా గట్టిగా కొట్టింది. అప్పుడు లోతు వైపు నీళ్ళు ఉబ్బాయి. ఒక నల్లటి వీపు తేలింది, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకా బోలెడు. జిలేబీల తోపులాటలో మెట్టు దగ్గర చోటే దొరకని బొచ్చెలు, శీలావతులు, ఇప్పుడు మూత చప్పుడుకు ఇంటి బిడ్డల్లా బారులు తీరి వచ్చేస్తున్నాయి!

"లాగండి!" అని అరిచింది టైలరమ్మ.

లాగారు. వల బరువుకు కాంపౌండరు మోకాళ్ళ మీద పడ్డాడు, అయినా వదల్లేదు. గంగాళం సగమైంది, నిండింది, పైకి పొర్లింది. బావగారు నోరెళ్ళబెట్టి గట్టు అంచుకు వచ్చి వంగి చూస్తున్నాడు. చంటిపిల్లాడంత బొచ్చె ఒకటి వల మీంచి ఎగిరి ఆయన ఛాతీకి తగిలింది. ఇస్త్రీ చొక్కాతో సహా ఆయన బురదలో కూర్చున్నాడు. చేప ఆయన ఒళ్ళో కూర్చుంది.

ఎవరికీ నవ్వే ధైర్యం లేకపోయింది. ముందు నవ్వింది ఆయనే. "దీన్ని పెంచింది నువ్వేనా అమ్మా?" అన్నాడు రెండు చేతులా చేపను పట్టుకుని.

"నేనే బావగారూ" అంది టైలరమ్మ. ఆనందం పట్టలేక ఏడుస్తోంది, ఆ సంగతి ఆవిడకే తెలీదు.

కాంపౌండరు గంగాళం అంచు పట్టుకుని బిక్కమొహంతో పెళ్ళాన్ని చూశాడు. "వీటిని... వదిలేద్దామా?"

"ఈసారి వదలండి. కాలువలోకి కాదు, గుంటలోకి."

ఇంతలో ట్రాక్టరు డ్రైవరు గట్టెక్కి వచ్చాడు. "మట్టి ఎక్కడ పొయ్యమంటారు సార్?"

బావగారు నోరు తెరిచేలోపే టైలరమ్మ చెయ్యి చాపి చూపించింది. "అదిగో, పైపు పక్కన గట్టు కోసుకుపోయింది. అక్కడ పొయ్యి బాబూ. గట్టిగా తొక్కించు."

డ్రైవరు ఎటూ తేల్చుకోలేక బావగారి వంక చూశాడు. బావగారు మొహం మీది బురద తుడుచుకుని, "నన్ను చూస్తావేంటయ్యా? గుంట ఆవిడది. ఆవిడ చెప్పిన చోట పొయ్యి" అన్నాడు.