హాసిని గొంతు

సన్న పైపును వేళ్ల మధ్య తిప్పుతూ బయటికి లాగేంతసేపూ కెజియా ఊపిరి బిగబట్టింది. వేలూరు ఆసుపత్రిలో నర్సు నేర్పిన పద్ధతి అది. పైపు లోపల ఉన్నంతసేపూ బిడ్డకు గాలి అందదు, నీకు ఎప్పుడు ఉక్కిరిబిక్కిరవుతుందో బిడ్డకూ అప్పుడే అవుతుంది, నీ ఊపిరే నీకు గడియారం అని చెప్పింది. మంచం పక్కన స్టూలు మీది సక్షన్ మిషను గుర్రుమంటూ తెల్లటి జిగురును సీసాలోకి లాక్కుంది. హాసిని మొహం కందిపోయింది. నోరు బార్లా తెరిచి, కళ్లు గట్టిగా మూసి, కాళ్లు పొట్టలోకి ముడుచుకుంది. ఎవరు చూసినా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోందనే అంటారు. చప్పుడు మాత్రం లేదు.

"అయిపాయ నా తల్లీ, అయిపాయ," అంటూ కెజియా బిడ్డ మెడ కింద తడి తుడిచింది.

ఆ మెడ మధ్యలో చిన్న గొట్టం ఉంది. దాని రెండు చెవులకూ కట్టిన గుడ్డ పట్టీ మెడ చుట్టూ తిరిగి వెనక ముడిపడి ఉంది. పుట్టుకతోనే హాసినికి గొంతులో గాలి దారి మూసుకుపోయినంత సన్నం. అందుకని దాని దిగువన రంధ్రం చేసి గొట్టం పెట్టారు. గాలి అక్కడే లోపలికి పోయి అక్కడే బయటికి వస్తుంది, గొంతు దాకా ఎక్కదు. గుండెలో కూడా చిల్లు ఉందన్నారు, దాని సంగతి బిడ్డ కాస్త పెరిగాక చూద్దామన్నారు. నీలంగా పుట్టిన బిడ్డను పుట్టిన వెంటనే ఎత్తుకుని పరిగెత్తారు కాబట్టి, పాకే వయసు వచ్చినా బిడ్డ గొంతు ఎలా ఉంటుందో కన్నతల్లికి తెలియదు.

ఇంటికి పంపేరోజు ఆ నర్సే, సగం అరవంలో సగం తెలుగులో, కెజియా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. "పాప గొంతు వినబడితే సంతోషపడొద్దమ్మా. గొట్టం ఊడిందని అర్థం. చేతిలో ఏమున్నా పారేసి పరిగెత్తు."

కెజియా మిషను ఆపింది. ఆపగానే బయటి గాలి వినిపించింది. ఆషాఢం గాలి. జమ్మలమడుగులో ఈ నెలంతా పెన్న ఇసుక ఇళ్లలోకి వచ్చి కూర్చుంటుంది, ఊడ్చేవాళ్లకు విసుగు రావాల్సిందే గాని దానికి రాదు. కిటికీకి తడిగుడ్డ కట్టింది బిడ్డ కోసం. మధ్యాహ్నానికల్లా ఆ గుడ్డ మట్టిరంగుకు తిరుగుతుంది, మళ్లీ ఉతికి కడుతుంది.

భర్త ఆశీర్వాదం చీకటితోనే ముద్దనూరు బస్సెక్కి కలమల్ల వెళ్లిపోయాడు. థర్మల్ ప్లాంటులో కాంట్రాక్టు పని. మళ్లీ ఇంటికి వచ్చేసరికి దీపాలు పెడతారు. పగలంతా ఇంట్లో ఇద్దరే. కెజియా జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషను ముందు కూర్చుంటే బిడ్డ రొమ్ము ఎగిసిపడటం కనబడేలా మంచానికి ఎదురుగా వేసుకుంది. రెండు జానలు కుట్టి ఒకసారి తలెత్తడం ఎంత అలవాటైపోయిందంటే, చర్చిలో కూర్చున్నా మధ్య మధ్య తలెత్తి ఎదుటివాళ్ల రొమ్ముల వైపు చూస్తుంటుంది. చూసేవాళ్లు ఏమనుకుంటారోనని తర్వాత సిగ్గుపడుతుంది.

ఎండ వాకిట్లోకి వచ్చేవేళకు పక్కింటి మెహరున్నీసా వచ్చింది. రెండిళ్లకూ గోడ ఒకటే. ఆమె చెవులకు వీధిలో మంచి పేరుంది. ఎవరింట్లో చెంచా కిందపడినా, ఏ చెంచానో చెప్పగలదంటారు. జాకెట్టు వదులు చేయించుకోవడానికి వచ్చి, గడప మీద చతికిలబడి, అసలు సంగతి ఎత్తుకుంది.

"నిన్న పొద్దు గూకేటప్పుడు పాప ఒకటే ఏడుస్తాన్నింది గదే. నువ్వు యాడికి పోయింటివి?"

కెజియా కాలు కుట్టుమిషను మీద ఆగిపోయింది. "యాడికీ పోలేదక్కా. ఈడనే ఉండా."

"ఉంటే ఎత్తుకోవల్ల గదా. అంతసేపు ఏడిపిస్తారా ఎవరన్నా?"

"పాపకు గొంతు రాదు గదక్కా. గాలి అయింటాది."

"గాలేందే. నేను పిల్లోళ్లను పెంచలేదా. గాలికీ బిడ్డకీ తేడా తెలీదా నాకు."

కెజియా లేచి మంచం దగ్గరికి పోయింది. పట్టీ కింద వేలు పెట్టి చూసింది. ముడి ముడిగానే ఉంది. గొట్టం నోటి దగ్గర అరచెయ్యి పెడితే వెచ్చటి గాలి తగిలింది. హాసిని మెలకువగా ఉంది. దూలాల మూలకు చూస్తూ పెదాలు కదిలిస్తోంది. ఈమధ్య ఇదొకటి మొదలైంది. ఎవరో ఏదో అడిగితే జవాబు చెబుతున్నట్టు కదిలిస్తుంది, ఆగుతుంది, మళ్లీ కదిలిస్తుంది. కెజియా కూడా ఆ మూలకు చూసింది. బూజు కూడా లేదు. నిన్ననే దులిపిన మూల.

అడగకూడదనుకుంది. అడిగింది.

"గొంతు ఎట్లుండె అక్కా?"

మెహరున్నీసా ఆమెను వింతగా చూసింది. "ఎట్లుంటాది. కొంచెం బొంగురు. నీ గొంతు మాదిరే."

ఆమె వెళ్లిపోయాక కెజియా చేసిన పని ఏదీ సరిగా కుదరలేదు. పాలు కాస్త మాడాయి. ఒక జాకెట్టుకు ఎడమ చెయ్యి కుడివైపు తగిలించి, విప్పి మళ్లీ కుట్టింది. భయం వేసింది, నిజమే. కానీ భయం కంటే ముందు వచ్చింది అసూయ. బిడ్డను మోసింది తను, రాత్రీ పగలూ ఊపిరి లెక్కపెట్టుకుంటున్నది తను. గొంతు మాత్రం గోడ అవతలామె విన్నది. ఒక్కసారి, ఒక్క కూత, అమ్మా అననక్కర్లేదు, ఉత్త ఏడుపే అయినా చాలు. ఆ కోరికను బిడ్డ పుట్టిన నాటి నుంచి తొక్కిపట్టి ఉంచింది. ఈ రోజు అది కాలి కింద నిలవడం లేదు.

మధ్యాహ్నం దాటాక స్త్రీల కూటంవాళ్లు వచ్చారు. బుధవారం బుధవారం ఒక్కో ఇంట్లో ప్రార్థన పెడతారు. ముందు గ్రేసమ్మ టీచరు, వెనక మిగతావాళ్లు, అందరి తలల మీదా కొంగులు, కొంగుల మీద ఇసుక. గ్రేసమ్మ మిషనరీ స్కూల్లో పనిచేసి రిటైరైంది. ఇప్పటికీ పాట ఎవరు తప్పు పాడుతున్నారో కళ్లు మూసుకునే కనిపెట్టి, ఆ వైపు ఒకసారి తల తిప్పుతుంది. తప్పు పాడేవాళ్లు గొంతు తగ్గిస్తారు.

"వందనాలమ్మా కెజియా. ఆదివారం ప్రభు భోజనం ఉంది. రొట్టె పెట్టే బల్లకు కొత్త గుడ్డ తెచ్చినాం. అంచు మడిచి కుట్టియ్యమ్మా," అంటూ మడత పెట్టిన తెల్లగుడ్డను కుట్టుమిషను మీద పెట్టింది.

పాట అయ్యాక అందరూ మంచం చుట్టూ చేరి బిడ్డ మీద చేతులుంచారు. ప్రతిసారీ ప్రార్థన ఒకే దారిలో నడుస్తుంది. గుండె దగ్గర మొదలై గొంతు దగ్గరికి వస్తుంది. అక్కడ గ్రేసమ్మ స్వరం పెరుగుతుంది.

"మూగవారి నోళ్లు తెరిచిన తండ్రీ, ఈ పసిబిడ్డకు స్వరమియ్యి. ఈ తల్లి చెవులు బిడ్డ స్వరాన్ని వినును గాక."

అందరూ ఆమేన్ అంటారు. ఆశీర్వాదం ఇంట్లో ఉంటే గోడలు అదిరేలా అంటాడు. కెజియా మాత్రం ఇప్పటిదాకా ఒక్కసారీ అనలేదు. పెదాలు బిగబట్టి, లోపల, ఊపిరి చాలు ప్రభువా అనుకుంటుంది. ఆమేన్ అంటే ఊరికే ప్రార్థన ముగించే మాట కాదని చిన్నప్పుడు సండే స్కూల్లో నేర్చుకుంది. అడిగింది జరగనీ అని ఒప్పుకోవడం. ఒప్పుకున్నాక మళ్లీ కాదనడానికి ఉండదు. గొంతు వినబడితే పరిగెత్తమన్న నర్సు మాట ఈ ఆడవాళ్లకు తెలియదు. వాళ్లకు చెబితే ప్రార్థనకు అడ్డుపడినట్టవుతుందేమోనని ఆమె ఎన్నడూ చెప్పలేదు.

ఈ రోజు గ్రేసమ్మ ఆ మాట దగ్గరికి వచ్చేసరికి గాలి ఒక్కసారిగా పడిపోయింది. కిటికీ గుడ్డ కదలడం మానేసింది. వీధిలో కోళ్ల చప్పుడు కూడా లేదు. అందరి ఆమేన్ల మధ్య, అందరికంటే కొంచెం ఆలస్యంగా, ఇంకొక ఆమేన్ వినబడింది. బొంగురు గొంతు. అది తనదేనని తెలియడానికి కెజియాకు కొంతసేపు పట్టింది.

కళ్లు తెరిచింది. అందరూ ఇంకా కళ్లు మూసుకునే ఉన్నారు. హాసిని మూలకు చూడటం లేదు. ఇన్ని చేతుల సందులోంచి నేరుగా తల్లినే చూస్తోంది.

ఆడవాళ్లు టీ తాగి, చెప్పులు దులుపుకుని వెళ్లిపోయారు. వాళ్లు మలుపు తిరిగేలోపే గాలి మళ్లీ లేచింది. ఎక్కడో తీగ తెగినట్టుంది, కరెంటు పోయింది. కెజియా కాలితో తొక్కే పంపు తీసి బిడ్డకు మరోసారి శుభ్రం చేసింది. లోపలి నుంచి పెద్దగా ఏమీ రాలేదు. హాసిని అలాగే నిద్రలోకి జారింది. ఊపిరి నెమ్మదిగా, సరిగానే ఉంది. బిడ్డ బాగుంది, నేను అన్న మాటకు ఏమీ కాలేదు అనుకుని కెజియా తనను తాను తిట్టుకుంది కూడా.

తెల్లగుడ్డ ఎదురుగా ఉంది. ఆశీర్వాదం వచ్చేలోపు అంచు అయిపోతుంది. ఇంట్లో మసక కమ్ముకుంటుంటే, కాస్త వెలుతురు కోసం కుట్టుమిషనును వాకిలి వైపు తిప్పుకుంది. తిప్పుకుంటే మంచం వెనక్కి పడింది. ఇలా ఎప్పుడూ చేయలేదు. కొంచెం సేపే గదా అనుకుంది.

మూడు వైపులు తిన్నగా వచ్చాయి. నాలుగో వైపు సగంలో ఉండగా వినబడింది.

పసిబిడ్డ ఏడుపు. పెద్దగా కాదు. నిద్ర లేచి పక్కన ఎవరూ లేరని తెలిసినప్పుడు పిల్లలు మొదలుపెట్టే ఏడుపు, కొంచెం బొంగురుగా, మధ్యలో ఆగి, ఎవరైనా వస్తారా అని చూసి మళ్లీ మొదలయ్యేది. సరిగ్గా తన వీపు వెనక నుంచి వచ్చింది. కెజియా కాలు తొక్కుతూనే ఉంది. చేతులు గుడ్డను జరుపుతూనే ఉన్నాయి. ఒంట్లో ఒక్కసారిగా పాలు చేపుకొచ్చాయి. ఎంత బాగుంది అనుకుంది. ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదే అనుకుంది. తల తిప్పితే ఆగిపోతుందేమోనని తిప్పలేదు.

తర్వాత నర్సు మాట గుర్తొచ్చింది.

మంచం దగ్గరికి పరిగెత్తింది. గొట్టం ఊడలేదు. పట్టీ ముడి ఎలా వేసిందో అలాగే ఉంది. హాసిని నోరు మూసుకుని పడుకుని ఉంది. రొమ్ము కదలడం లేదు. అరచెయ్యి పెడితే గొట్టం నోటి దగ్గర గాలి లేదు. కెజియా కాలిపంపు లాక్కుని పైపు లోపలికి దించింది. లోపల గట్టిగా ఏదో అడ్డం తగిలింది. తొక్కింది. తొక్కుతూనే ఉంది. ఊపిరి బిగబట్టి ఉన్నానని కూడా మరిచిపోయింది.

ఆమె ఇంకా ఎవరినీ పిలవలేదు. అయినా మెహరున్నీసా తడిచేతులతో పరిగెత్తుకొచ్చి వాకిట్లో నిలబడింది.

"ఏందే, పాప అంతగనం ఏడుస్తాంది," అంది. మంచం చూసి గోడ పట్టుకుంది.

ఆమె భర్త అమీర్ బాషా ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో డాక్టరు చాలాసేపు ప్రయత్నించి, చేతి తొడుగులు తీసేశాడు. జిగురు గట్టిపడి గొట్టానికి లోపల అడ్డంపడిందని చెప్పాడు. బిడ్డ నిద్రలోనే పోయింది, పెద్దగా కష్టపడి ఉండదు అన్నాడు. ఏడ్చింది సార్, మేమిద్దరం విన్నాం అని మెహరున్నీసా అంటే ఆయన కోప్పడలేదు. గొట్టం దాని చోటులోనే ఉంది, అది ఉండగా గొంతు రావడానికి వీల్లేదమ్మా అని మెల్లగా చెప్పాడు.

ఆశీర్వాదం ప్లాంటు బూడిద ఒంటి మీద ఉండగానే నేరుగా ఆసుపత్రికి వచ్చాడు. బిడ్డను ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఏడ్సింది," అంది కెజియా.

అతను తలెత్తి ఆమె వైపు చూశాడు. పిచ్చి మాటలు మాట్లాడొద్దు అంటాడనుకుంది.

"ఎట్లుండె?" అన్నాడు.

"నా గొంతు మాదిరే ఉండె."

అతను తల ఊపాడు. బిడ్డ నోటికి చెవి ఆనించి అలాగే కూర్చున్నాడు.

గురువారం పూడ్చారు. సమాధి దగ్గర పాస్టరుగారు ఓదార్పు మాటలు చెప్పారు. వచ్చిన ఆడవాళ్లలో ఎవరో, దేవుడు ఎందుకో మన మొర వినలేదమ్మా అన్నారు. కెజియా ఆమె మొహంలోకి చూసింది. వినలేదనుకోగలిగితే ఎంత బాగుండేది. విన్నాడు. ఒక్క ఆమేన్ కోసమే ఆగినట్టు, ఆ సాయంత్రమే విన్నాడు. ఆయన ఉన్నాడన్న సంగతి మీద ఆమెకు ఇక ఎలాంటి అనుమానమూ మిగల్లేదు. అదే ఆమెను వణికించింది.

ఆదివారం ఇద్దరూ చర్చికి వెళ్లారు. ప్రభు భోజనం బల్ల మీద కొత్త గుడ్డ పరిచి ఉంది. దుఃఖంలో ఉన్న ఇంటికి పని చెప్పకూడదని గ్రేసమ్మ టీచరు దాన్ని ఉన్నదున్నట్టే తెచ్చి, పూర్తికాని వైపును గోడకు తిప్పి పరిచింది. ఆరాధన అయ్యాక అందరూ బయటికి పోతుంటే కెజియా బల్ల వెనక్కి వెళ్లింది. సగందాకా కుట్టు గీత గీసినట్టు వచ్చింది. ఏడుపు మొదలైన చోట మడత వదిలేసి, ఉత్త గుడ్డ మీదికి దిగి, జానెడు దూరం ఎటు పడితే అటు నడిచింది. ఆ జానెడు చివర తెంచని దారం వేలాడుతోంది.