కదిలితే చెరిగిపోతుంది

సిరిసిల్లలో మరమగ్గాల యజమాని ఎల్లేశం ఆసామి సాంచాల షెడ్డులో పదిహేను రోజుల కింద ఒక మోటారు చోరీ అయింది. నింద అక్కడ సాంచా నడిపే సామేలు మీద పడింది. నిన్నటి నుంచి అతను పోలీస్ స్టేషన్లోనే ఉన్నాడు. ఆ రోజు పని దిగి అతను ఎలా బయటికి వెళ్లాడో చూసింది షెడ్డు కెమెరా ఒక్కటే. అదే షెడ్డులో నూలు కండెలు చుట్టే అతని పెళ్లాం పుష్ప, కెమెరాలు బాగుచేసే జితేందర్‌ను కాళ్లావేళ్లా పడి పట్టుకొచ్చింది.

ఆఫీసు గదిలో రికార్డర్ డబ్బాను చూసి జితేందర్ పెదవి విరిచాడు.

"గిండ్ల పదిహేను దినాలదే ఉంటదక్కా. నిండినంక పాతదాని మీద కొత్తది రాసుకుంట పోతది. ఇంకో గంటల మీ ఆయనది చెరిగిపోతది."

"కాపీ తియ్యి మరి!"

"పాస్‌వర్డు ఆసామికే ఎరుక."

ఆసామేమో వేములవాడలో దర్శనం లైన్లో ఉన్నాడు. ఫోను బయట కౌంటర్లో పెట్టాడు.

"అయితే దీన్ని బంద్ జేద్దాం." పుష్ప స్విచ్చు మీదికి చెయ్యి పోనిచ్చింది.

"వద్దక్కా! ఐదేండ్ల సంది ఆగకుంట తిరుగుతున్న హార్డ్ డిస్క్ గిది. మొన్న కరెంటు పోతే మళ్ల లేవడానికి నానా తిప్పలు పెట్టింది. ఈసారి ఆపినమంటే ఇగ లేవదు. అన్నీ పోతయి."

పుష్ప స్విచ్చు మీంచి చెయ్యి తీసింది. షెడ్డు వైపు చూసి అడిగింది.

"కెమెరా ముందట ఏం కదలకున్నా రాస్తదా?"

జితేందర్ తలెత్తి చూశాడు. "కదిలితెనే రాస్తది."

సాంచాలు నడిపేవాళ్లకు మీటరు లెక్కన కూలి. అయినా షెడ్డులోకి పోయి ఆపమన్న పుష్ప మాట పూర్తికాకముందే నేతపనివాడు మొగిలి తన సాంచా ఆపేశాడు. ఒకదాని వెనక ఒకటి అన్నీ ఆగాయి. అందరూ బయటికొచ్చి తలుపేశారు.

మోత ఆగాక, ఆఫీసు గదికి తిరిగొచ్చిన పుష్పకు అసలు భయం పట్టుకుంది. ఆ డబ్బాలో ఏముందో తనకు తెలుసా? సామేలు భుజాన మోటారుతో కనబడితే? తియ్యలేదని బైబిలు పట్టుకుని చెప్పాడు నిజమే. కానీ చూడకుండా ఉంటేనే మేలనిపించింది. స్విచ్చు చేతికందే దూరంలోనే ఉంది. నొక్కితే ఎవరూ ఏమీ చూడరు. వేలు స్విచ్చు దాకా వెళ్లింది కూడా.

బయట, దర్శనం ముగించుకుని వచ్చిన ఆసామి కేక వినబడింది. సాంచాలు ఆగినందుకు మండిపడుతూ షెడ్డు తలుపు మీదికి పోతున్నాడు. ఎప్పుడూ అతని ముందు తలెత్తని పుష్ప ఉరికి తలుపుకు అడ్డం నిలబడింది.

"ముందుగాల పాస్‌వర్డు చెప్పున్రి. గప్పుడు లోపలికి పోన్రి."

ఆమె మొహం చూసి ఆసామి చెప్పేశాడు.

జితేందర్ దాన్ని కొట్టగానే తెర మీద సామేలు సాంచా దగ్గర్నుంచి తలుపు వైపు వచ్చాడు. చేతిలో టిఫిను డబ్బా తప్ప ఏమీ లేదు. గుమ్మంలో ఆగి, చొక్కాకు అంటిన నూలు పొట్టు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఇక అతను ఇంటికి వస్తాడు. అతని మొహం ఎలా చూడాలో పుష్పకు తెలియలేదు.