అత్త పాలు తాగిన పిల్ల

మెజెర్దా ఏరు పొంగి మా ఇళ్ళలో మంచాలెత్తు నీళ్ళు నిలిచాయే, ఆ తర్వాత మూడో వేసవి. నా భార్య మబ్రూకా వాకిట్లో కూర్చుని ఏడాదికి సరిపడా కుస్కుస్ చేస్తోంది. గోధుమరవ్వ మీద నీళ్ళు చిలకరించడం, సన్నటి పలుకులు కట్టేలా అరచేత్తో తిప్పడం, జల్లించడం. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ అది ఆమె పనే. నడుము పట్టేసినా లేవమన్నవాళ్ళు లేరు.

మా అక్క బహీజా నీడలో కూర్చుని చూస్తోంది. మా చిన్నమ్మాయి రావ్దా గుమ్మంలో నిలబడి ఉంది.

"రావ్దాని ట్యూనిస్ తీసుకెళ్తున్నావటగా, రక్తపరీక్షకి?"

"రేపే వదినా."

"పిచ్చిమొహమా! పెద్దది నీ పాలు తాగింది, రొమ్ము కోయించుకుంది. నీకు పురిటిజ్వరమొస్తే చిన్నదానికి పాలిచ్చింది నేను. దీనికేం కాదు. పెళ్ళి కుదిరిన పిల్లకి పరీక్షంటే పెళ్ళివారు ఊరుకుంటారా?"

గుమ్మంలో నిలబడ్డ రావ్దా, "అత్త చెప్పేదీ నిజమేనేమో, వద్దులేమ్మా" అంది.

మబ్రూకా చేతులు ఆగిపోయాయి. పెద్దపిల్ల వసీలా జబ్బు పడ్డప్పటినుంచీ ఈ పాల మాట ఆమె వింటూనే ఉంది. ఊరి స్నానాలశాల హమ్మాంలో ఆడవాళ్ళు తన గుండెలకేసి చూస్తున్నారని అక్కడికి వెళ్ళడం మానేసింది. ఇంట్లోనే తలుపేసుకుని, నాలుగు చెంబుల నీళ్ళు పోసుకునేది. పిల్లకి పాలిచ్చే రోజుల్లో తానేం తిన్నదీ, ఎవరి కన్ను పడ్డదీ పని చేసుకుంటూనే తనలో తాను గొణుక్కునేది. ట్యూనిస్ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. ఆ రొమ్ము క్యాన్సర్ పాలలో రాదట, పుట్టుకతోనే వస్తుందట, తల్లి నుంచైనా తండ్రి నుంచైనా. రావ్దాకి ఉండొచ్చు, లేకపోవచ్చు. ముందే తెలిస్తే కాచుకోవచ్చు. తండ్రి కూడా వస్తే ఏ వైపు నుంచో తేలుతుందట. మబ్రూకా ఆ మాటలన్నీ ఇంటికి మోసుకొచ్చింది. ఎవరూ దించుకోలేదు.

"వదినా" అంది రవ్వకేసే చూస్తూ. "మీ అమ్మ రొమ్ము మీద పుండు కడిగింది నేను. గుడ్డలు మార్చింది నేను. వాసనకి మీరు గడప దాటి లోపలికి రాలేదు. ఆవిడ కూడా నా పాలే తాగిందా?"

"అది దిష్టి" అంది అక్క. చెయ్యి మాత్రం తన గుండెల మీదికి పోయింది.

"పెళ్ళి చెడితే చెడనీ. పిల్ల బతకాలి." మబ్రూకా లేచి చేతులు కడుక్కుంది. రవ్వ ఎండలో అలాగే ఉంది.

"తమ్ముడూ, నోరు విప్పవేం? నీ పెళ్ళానికి చెప్పు!"



మర్నాడు పొద్దున్నే ట్యూనిస్ వెళ్ళే బండిలో వాళ్ళ పక్కన కూర్చున్నాను. ఆసుపత్రిలో రావ్దా పేరు పిలిచేలోగా చొక్కా చెయ్యి పైకి మడిచి, ముందు నా రక్తం తియ్యమన్నాను.