మోతీ యాడికి ఒక ఏడుపు బాకీ

పెదవులు మాత్రమే కదిలి, గొంతు బయటికి రాని ప్రార్థన దేవుడికి చేరుతుందా? ఈ అనుమానం నాకు పెళ్లయిన నాటి నుంచి ఉంది. మా తండాలో శనివారం భజన జరిగితే నేను తాళాలు కొడతాను. పాట దగ్గరికి వచ్చేసరికి ఊరికే పెదవులు ఆడిస్తాను. గొంతు లేక కాదు. నలుగురిలో గొంతెత్తాలంటే లోపల ఏదో తలుపు మూసుకుంటుంది. ఒకసారి భద్రాచలం వెళ్లినప్పుడు గుడి మెట్ల మీద కూర్చున్న ఒక ముసలి సాధువును ఈ మాట అడిగాను. "చీమ మొర వినేటోడు నీ మొర వినడా తల్లీ?" అన్నాడు. మాట బాగుంది. కానీ చీమకు గొంతు లేదు, నాకు ఉంది. ఉన్నదాన్ని దాచుకుంటే అదే లెక్క అవుతుందా అనుకుంటూ మెట్లు దిగాను.

ఇలాంటి నన్ను తీసుకెళ్లి శబ్దాల పనికి మేనేజర్‌ని చేసింది మా ఉషారాణి.

ఉష మా మరిది కూతురు. హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో సౌండ్ డిజైనర్. తెర మీద కనబడే గాలికి, అడుగుకి, వానకి చప్పుడు కూర్చే పని అని చెప్పింది. ఈసారి తెర లేదు. ఎక్కడో ఒక మ్యూజియంలో చీకటి గది కడుతున్నారట. అందులో కూర్చున్నవాళ్లకు అడవి అంచున ఉన్న తండాలో ఒక రోజు, తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా, ఇరవై నిమిషాల్లో చెవుల ముందు నుంచి నడిచిపోవాలి. పని మొత్తం ఉష చేతికి ఇవ్వడం ఇదే మొదటిసారి. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండుకల్లా శబ్దాలన్నీ స్టూడియోకు చేరాలి. చేరకపోతే పని ఇంకొకరికి పోతుంది. ఆదివారం ములకలపల్లిలో బస్సు దిగి వచ్చి, మంచినీళ్లు తాగుతూ ఈ సంగతి చెప్పింది.

"పెద్దమ్మా, ఈ పనికి నువ్వే నాకు ప్రొడక్షన్ మేనేజర్‌వి."

"పది తప్పినదాన్ని. ఏందే నీ ఎగతాళి?"

"సంఘంల పదిహేను మంది ఆడోళ్లను ఒక్క టైంకు కూసోబెడ్తవ్. గంత తెలివి మా స్టూడియోల ఎవ్వరికి లేదు."

అరుగు మీద బీడీ చుట్టుకుంటున్న మా ఆయన రామ్‌సింగ్ అందుకున్నాడు. "ఇరవై రెండేండ్ల సంది నన్ను మేనేజ్ చేస్తుంది బిడ్డా. గది గూడ రాసుకో."

సంఘం రిజిస్టరు వెనక ఖాళీ పేజీల్లో గీతలు కొట్టాను. శబ్దం, చోటు, వేళ అని మూడు గడులు పెట్టాను. ఉష చూసి నాలుగో గీత తనే గీసింది. దాని పైన "చెడగొట్టేది" అని రాసింది.

"శబ్దం దాని టైంకు అదే వస్తది పెద్దమ్మా. దాన్ని చెడగొట్టేది ఎప్పుడొస్తదో నువ్వు కనిపెట్టాలె. మేనేజరంటే గదే పని."

ఆ ఒక్క గీత నా కళ్లు తెరిపించింది. ఇప్పపూలు రాలడం, వాగు గట్టు, తెల్లవారుజాము. చెడగొట్టేది: మా ఆయన బోరు మోటారు. దూడ తల్లిని పిలవడం, మా సంఘంలోని నిర్మలాదేవి వాళ్ల కొట్టం, ఏడు గంటలు. చెడగొట్టేది: బడి ఆటో హారను. జొన్నరొట్టె తట్టడం, మా వంటిల్లు. చెడగొట్టేది: పక్కింటి టీవీ. ఇలా ఇరవై ఒక్క వరుసలు నిండాయి. చివరి వరుసలో, రోజు ముగింపుకని ఉష కోరిన పాటకు, "ఢావ్లో, మోతీ యాడి, గురువారం పొద్దున, ఓకే" అని రాశాను. నాలుగో గడి ఖాళీగా వదిలేశాను.

సోమవారం చీకటి పలచబడే వేళ వాగు గట్టుకు వెళ్లాం. మా ఆయన ముందురోజే మోటారు కట్టేస్తానని మా గురువు సేవాలాల్ మీద ఒట్టు వేశాడు. ఉష బొచ్చు తొడిగిన మైకును కర్రకు కట్టి ఇప్పచెట్టు కింద పట్టుకుంది. తన చెవుల నుంచి తీసి హెడ్‌ఫోన్ నా తలకు పెట్టింది.

ఆ తరువాత ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. ఒక పువ్వు రాలి ఎండుటాకు మీద పడింది. ఇంకొకటి కొంచెం దూరంలో. ఇంకొకటి దగ్గరగా. ఎవరో మెత్తటి పాదాలతో, తొందర లేకుండా నా చుట్టూ తిరుగుతున్నట్టు ఉంది. మంచు కొమ్మ నుంచి కొమ్మకు జారడం వినబడింది. చీమల చప్పుడు కూడా వినబడినట్టే అనిపించింది. ఏటా ఈ చెట్టు కిందే పూలు ఏరాను, బుట్టలు నింపాను. లోకం ఇంత దగ్గరగా గుసగుసలాడుతుంటే ఏ ధ్యాసలో ఉన్నాను? తెల్లారిపోయినా హెడ్‌ఫోన్ తీయబుద్ధి కాలేదు. కళ్లు మూసుకుంటే నేనే లేను. పూలు మాత్రం రాలుతున్నాయి.

"పెద్దమ్మా, దండం పెట్టకు. గాజుల సప్పుడొస్తుంది," అంది ఉష.

చేతులు ఎప్పుడు జోడించానో నాకే తెలియదు.

మంగళవారం నా మేనేజరుతనం బయటపడింది. మధ్యాహ్నం తండా నిశ్శబ్దం ఐదు నిమిషాలు కావాలని, ఎవ్వరూ మాట్లాడకుండా చూడమని ఉష చెప్పింది. హైదరాబాద్ నుంచి మా ఇంటి ఆడపిల్ల వచ్చి నోరు తెరిచి అడిగింది, తక్కువ చేస్తామా! ఇల్లిల్లూ తిరిగాను. మేకలను అడవిలోకి తోలించాను. కోళ్లను గంపల కింద మూయించాను. ఎడ్ల మెడగంటల్లో గుడ్డలు కుక్కించాను. దస్రు తాతకు దగ్గు. ఆయన తనంతట తనే కర్ర పట్టుకుని వాగు అవతలికి వెళ్లి కూర్చున్నాడు. పెళ్లికి కూడా మా తండా అంత ఒక్కమాట మీద నిలబడలేదు.

ఐదు నిమిషాలు విన్నాక ఉష హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూసింది. "పెద్దమ్మా, తండా ఏది?"

"నువ్వే గద సప్పుడు వద్దన్నవ్."

"మాటలు వద్దన్న. కోళ్లు, గంటలు, తాత దగ్గు, గవన్నీ ఉంటేనే గద మన తండా నిశ్శబ్దం! గిది ఖాళీ డబ్బా లెక్కుంది."

అందరూ పగలబడి నవ్వారు. దస్రు తాత మాత్రం నొచ్చుకున్నాడు. "నా దగ్గు గంత ముఖ్యమని ముందే చెప్పొద్దా?" అన్నాడు. అంతలో గాలి లేచింది, తాటాకులు కొట్టుకోవడం మొదలైంది. ఆ రోజు పోయింది. బుధవారం కోళ్లతో, గంటలతో, దగ్గుతో ఆ నిశ్శబ్దాన్ని మళ్లీ రికార్డు చేయాల్సి వచ్చింది. నిశ్శబ్దమంటే అన్నిటి నోరూ నొక్కడం అనుకున్నాను నేను. ఎందుకలా అనుకున్నానో ఆ మంగళవారం రాత్రి అన్నం తింటూ కూడా ఆలోచించాను.

అప్పుడే ఉష అడిగింది. "మోతీ యాడితోని మాట్లాడినవ్ గద?"

"ఆఁ," అన్నాను. మాట్లాడలేదు.

కారణం చెప్పాలి. యాడి అంటే మా లంబాడీ భాషలో అమ్మ, పెద్దావిడలను అలాగే పిలుస్తాం. మోతీ యాడిది మా పుట్టింటి తండా, ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. మాలో పెళ్లికూతురు అత్తింటికి పోయేముందు తల్లిని, చెల్లెళ్లను, ఇంటి గడపను కూడా పట్టుకుని పాటగా ఏడుస్తుంది. అదే ఢావ్లో. అది రాకపోతే ఆ పిల్లకు పుట్టింటి మీద ప్రేమ లేదంటారు. నా పెళ్లిలో నా గొంతు పెగల్లేదు. జనం గుసగుసలు మొదలుపెట్టారు. మా అమ్మ ముఖం మాడిపోయింది. అప్పుడు మోతీ యాడి వెనక నుంచి నన్ను కావలించుకుని, తన ముఖం నా ముసుగులో దాచి, నా బదులు ఏడ్చింది. దూరం నుంచి చూసినవాళ్లు నేనే అనుకున్నారు. "నీ పిల్ల పెళ్లికి నేను ఏడుస్త యాడీ," అని మాట ఇచ్చాను. నాలుగేళ్లకు ఆమె కూతురి పెళ్లి అయింది. డీజే బాక్సులు పెట్టారు, ఢావ్లో ఎవరూ పాడలేదు. నాకు లోలోపల హాయి అనిపించింది. అప్పటి నుంచి ఎక్కడ కనబడినా ఆమె ఒకటే మాట: "నా ఏడుపు నాకెప్పుడిస్తవే?" నవ్వుతూనే అనేది. ఆ నవ్వుకు జడిసి ఏడాదిగా ఆ దారిన పోవడమే మానేశాను.

గురువారం పొద్దున మేం వెళ్లేసరికి మోతీ యాడి వాకిట్లో నులక మంచం మీద కూర్చుని ఉంది. చూపు సగమే మిగిలింది. ఉష వంగి దండం పెట్టి, వచ్చిన పని చెప్పింది. యాడి నోరు తెరిచింది. గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది. చలికాలం జ్వరం వచ్చి పోతూ పోతూ గొంతును తీసుకుపోయిందని కోడలు చెప్పింది.

ఉష నా చేతిలో రిజిస్టరు వైపు చూసింది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "పెద్దమ్మా, ఓకే అంటే పోయి చూసొచ్చినట్టు," అని మాత్రం అంది. "ఢావ్లో లేకుంటే నా రోజుకు సాయంత్రం లేదు. రేపు పన్నెండింటికి నేనేం పంపాలె?"

వేరే ఎవరైనా ఉన్నారా అని కోడలిని అడిగాను. ఢావ్లో వచ్చినవాళ్లంతా కల్లూరు దిక్కు మిర్చి ఏరడానికి పోయారు, పదిరోజులకు గాని రారు. వయసు పిల్లలకు రాదు. రిజిస్టరు తెరిచి ఆ వరుస చూశాను. ఆ నాలుగో గడిలో రాయాల్సింది నా పేరే.

మోతీ యాడి మంచం పట్టె మీద చేత్తో తట్టింది. దగ్గరికి పోయాను. "బాకీదారు కాళ్లీడ్చుకుంట వచ్చింది," అంది గాలి గొంతుతో. "గిదే పాడ్తది, పెట్టు బిడ్డా నీ మిషను."

"నాతోని కాదు యాడీ. నాకు పాట రాదు."

"నేను పాడుమన్ననా? ఏడువుమన్న."

ఉష మైకు ఎత్తలేదు. నేను ఊఁ అనేదాకా ఎత్తేలా లేదు. నేను చుట్టూ చూశాను. ఏడుంబావు బస్సు ఇంకా పోలేదు. "బస్సు పోనీ," అన్నాను. అది మేనేజరు మాటో, పిరికి మాటో నాకు తెలియదు. బస్సు పోయింది. దుమ్ము దిగింది. కొట్టంలో ఎద్దు గంట ఆడుతోంది. దాన్ని ఆపమనలేదు.

యాడి నా మెడ చుట్టూ చెయ్యి వేసి, నా ముఖాన్ని తన భుజం మీద పెట్టుకుంది. చెవిలో ఒక్కో మాట ఊదింది. మా భాష మాటలు, మా అమ్మ నాకు నేర్పిన మాటలు. నా పెదవులు కదిలాయి. అంతే. ఆమె నా జబ్బ మీద గిచ్చింది. "నాకు నీ పెదాలు కనబడవే. చెవికి రావాలె. నా పిల్ల బాక్సుల మోతల పోయింది, దానికి ఎవ్వరూ ఏడువలే. పద్దెనిమిదేండ్లాయె, ఇంక నా గడప దిగనే లేదది. దాన్ని సాగనంపు."

లోపల ఏం జరిగిందో చెప్పలేను. తలుపు తెరుచుకోలేదు, తలుపే లేనట్టు అయింది. గొంతు వచ్చింది. బొంగురుగా, వంకరగా వచ్చింది. గడపా, నన్ను మరిచిపోకు అన్నాను. పొయ్యీ, నా చేతి వేడి దాచిపెట్టు అన్నాను. యాడి ఊదడం ఎప్పుడు ఆపిందో, మాటలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియదు. ఎర్రని పెళ్లి ముసుగు వేసుకున్న పిల్ల ఒకతి ఎండలో దారి పట్టి పోతోంది. అది యాడి కూతురో, ఇరవై రెండేళ్ల కిందటి నేనో పోల్చుకోలేకపోయాను. ఆ పిల్ల కనుమరుగయ్యేదాకా ఏడ్చాను.

శబ్దాలు మరునాడు పదకొండు గంటలకే స్టూడియోకు చేరాయి. పని ఉషకే మిగిలింది. అది తరువాతి సంగతి. ఆ పొద్దున నేను తలెత్తేసరికి మోతీ యాడి భుజం మీద రవిక తడిసి ముద్దయింది. తన కొంగు అంచు తీసి నా చేతిలో పెట్టింది.

"తీరిందే నీ బాకీ," అంది. "ముక్కు తుడుసుకో."