మట్టి వేసిన భాగం

తన భార్యను పూడ్చిన వీడియోను విశ్వాసం ఒక్కసారి కూడా చూడలేదు. రత్నమ్మ పోయిన నెలకు మార్కాపురంలో వీడియో స్టూడియో నడిపే ఆమె అన్న కొడుకు ఏబేలు, తను తీసినదాన్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి చేతిలో పెడితే, చూడటం తన వల్ల కాదని, స్టూడియోలోనే ఉంచమని తిప్పి పంపాడు. మేనత్త కలిపి పెట్టిన ముద్దలు తిని పెరిగిన పిల్లాడు. ఇంట్లో ఉన్నా ఒకటే, వాడి దగ్గరున్నా ఒకటే అనుకున్నాడు.

మూడేళ్ల తర్వాత, వేసవి దుక్కుల్లో, పల్లెవాళ్ల సమాధుల తోట మీదికి ట్రాక్టరు వచ్చింది. మార్కాపురంలో ఇనుము దుకాణాలున్న ప్రభాకరరావు పక్క చేను కొని, తోటను కూడా అందులో కలిపి దున్నించాడు. పేర్లు గీసి నిలబెట్టుకున్న పలకరాళ్లు గట్టు మీద కుప్పపడ్డాయి. అడగబోతే అక్కడ సమాధులే లేవన్నాడు. ఆ రాళ్లు మీరే తెచ్చి పోసుకున్నారన్నాడు. తాతల నాటి నుంచి పూడ్చుకుంటున్న నేలకు కాగితం కావాలని పల్లెలో ఎవరికీ తోచలేదు.

హక్కుల సంఘం నుంచి ప్రేమకుమారి వచ్చింది. లా చదివిన పిల్ల. జరిగిన అన్యాయాన్ని ఫోనుతో ఎలా తీయాలో, తీసినదాన్ని అధికారుల ముందు ఎలా పెట్టాలో పల్లెల్లో నేర్పుతూ తిరుగుతుంది. ఆ తోటలో జరిగిన భూస్థాపన ఎవరైనా తీశారా అని చర్చి వసారాలో అడిగింది. అందరూ విశ్వాసం వైపు చూశారు.

అంతా ఉంటుందని చెప్పాడతను. చుట్టూ రాళ్లు, వెనక కొండ, ఒక్కొక్కరు వంగి గుప్పెడు మట్టి వేయడం, అన్నీ. ఎక్కడా కోత పడని వీడియో అయితేనే నిలబడుతుందని, ముందుగా ఒకసారి చూద్దామని ప్రేమకుమారి అంది. విశ్వాసమే అడ్డుపడ్డాడు.

"వాడు మావాడమ్మా. మనం అనుమానపడినామని తెలిస్తే బాధపడతాడు."

పల్లెవాళ్లు పెట్టుకున్న అర్జీ మీద విచారణ రోజు ఏబేలు మార్కాపురం రెవెన్యూ ఆఫీసుకు వచ్చి, పెన్‌డ్రైవ్ అటెండరు చేతిలో పెట్టి, మామ ముఖం చూడకుండానే బయటికి పోయాడు. పని తొందర కాబోలు అనుకున్నాడు విశ్వాసం. అటెండరు అతని కోసం కుర్చీ లాగి, ఫ్యాను కొంచెం ఇటు తిప్పాడు.

లాప్‌టాప్‌లో రత్నమ్మ ముఖం కనిపించింది. కుడి కనుబొమ్మ మీద చిన్న మచ్చ. దాన్ని తను మరిచేపోయాడు. మూడేళ్లూ భయపడింది దీన్ని చూడటానికా అనిపించింది. ఆడవాళ్ల ఏడుపు మొదలవగానే ఆఫీసరు తనంతట తనే సౌండు తగ్గించాడు. పెట్టె లేచింది. జనం పాట పాడుతూ వీధి మలుపు తిరిగారు. అంతలో రత్నమ్మ ఫొటో గుండె బొమ్మలో చేరి గిరగిరా తిరిగింది. దాని మీద గులాబీ రేకులు రాలాయి, పెళ్లి వీడియోల్లో లాగా. రేకులు పోయేసరికి జనం ఇంటి ముందు కాళ్లు కడుక్కుంటున్నారు.

"పూడ్చిన భాగం ఏది?" ఆఫీసరు అడిగాడు.

వస్తుందేమోనని విశ్వాసం చివరిదాకా చూశాడు. రాలేదు. ప్రభాకరరావు తన ఫోను చూసుకుంటున్నాడు. ఇంకేమైనా ఆధారం ఉంటే వచ్చే వాయిదాకు తెమ్మని ఆఫీసరు మెత్తగానే చెప్పాడు.

బయట ఏబేలు బండి పక్కన నిలబడి ఉన్నాడు.

"మొత్తం ఇస్తానంటివే," అన్నాడు విశ్వాసం.

"నా స్టూడియో ఎవరి కాంప్లెక్సులో ఉందనుకున్నావు మామా? వీడియో ఇస్తే ఖాళీ చెయ్యమన్నాడు. నేనేం చేసేది?"

"అసలుది ఉందా?"

"తుడిచేసినా."

"మీ అత్త మీద మట్టి వేసిందీ?"

ఏబేలు బండి తాళం వేళ్ల మధ్య తిప్పాడు. "ముఖం ఉంచినా గదా మామా. అసలు వీడియోనే లేదని చెప్పమన్నారు. నీకోసమని అంతవరకన్నా ఉంచినా."

లోపల ఎక్కడో కొంచెం కృతజ్ఞత పుట్టింది. అది పుట్టినందుకు విశ్వాసానికి తన మీదే రోత కలిగింది.

జేబులో ఫోను ఉంది. జేబులోనే ఉంచి మాటలు పట్టుకోవచ్చు. కానీ చెప్పకుండా మనిషిని తీయకూడదని ప్రేమకుమారి నేర్పింది. బయటికి తీసి, ఎదురుగా పెట్టాడు.

"తీస్తున్నా. ఇప్పుడు చెప్పింది మళ్లా చెప్పు."

పదిహేనేళ్లుగా కెమెరా వెనకే నిలబడినవాడు. ఎటు చూడాలో తెలియలేదు ఏబేలుకు.

"ఆపు మామా. నీ అల్లుణ్ణి నేను."

"అదే చెప్పు. అల్లుణ్ణని చెప్పి, తుడిచేసినా అని చెప్పు."

ఏబేలు అరచేయి అడ్డం వచ్చింది. తెర చీకటైంది, వేళ్ల సందుల్లో మాత్రం ఎర్రగా వెలుగు. తర్వాత చేయి తప్పుకుంది. బండి స్టార్టయింది, గేటు దాటిపోయింది.

విశ్వాసం ఫోను దించలేదు. చోటు తెలిసేలా ఆఫీసు బోర్డు వైపు తిప్పి, ఆ తర్వాత తన ముఖం మీదికి తెచ్చుకున్నాడు. తన పేరు, ఊరు చెప్పాడు.

"ఇప్పుడు పోయినవాడు మా ఏబేలు," అన్నాడు. ఆ మాట వదిలేసి మళ్లీ మొదలుపెట్టాడు.

"ఆ పోయినతని పేరు ఏబేలు. నా భార్యను పూడ్చిన వీడియో అతని దగ్గర ఉండె. తుడిచేసినానని నాతో చెప్పినాడు."