పూలు కట్టిన బండి

మ్యూజియం హాలు వేడుకలకి ఇచ్చినప్పుడల్లా మేనేజరమ్మ చేసే మొదటి పని, మూలనున్న బండి పక్క బోర్డు తీసి బీరువాలో పెట్టడం. కలరా వచ్చిన ఏడాది ఊళ్లో శవాల్ని మోసిన బండి అది. పుట్టినరోజులకి వచ్చేవాళ్లకి ఆ సంగతెందుకు? పక్కకి జరుపుదామా అంటే చచ్చినా కదలదు. అందుకని దానికి పూలు కట్టించేది. జనం ఎగబడి ఫోటోలు దిగేవాళ్లు. తెలియనంతసేపూ ఎవరికీ ఏ బాధా లేదు.

ఆ ఆదివారం ఏడాది నిండిన పాపని తండ్రి ఆ బండిలో కూచోబెట్టాడు. ఇంతలో అతని నాయనమ్మ, ఎనభై దాటిన మనిషి, కర్ర పొడుచుకుంటూ వచ్చి చక్రం తడిమింది.

"ఇక్కడ బోర్డుండేదే, ఏమైందమ్మా?"

మేనేజరమ్మ పూలు సర్దుతున్నట్టు వంగింది. "తుడవడానికి తీశామండీ."

"తుడిస్తే పోయే రాతా అది? మా నాన్నని ఇందులోనే తీసుకెళ్లారు."

మనవడి మొహం పాలిపోయింది. గబుక్కున పాపని దింపబోయాడు.

"దాన్నెందుకురా దింపడం? నన్నెక్కించు."

మనవడూ మేనేజరమ్మా చెరో రెక్కా పట్టుకుని ఎక్కించారు. ముసలావిడ పూలు పక్కకి నెట్టి, స్థిమితంగా కూచుని, పాపని ఒళ్లోకి తీసుకుంది.

"ఆ రోజు నేనూ వస్తానని ఈ చక్రం పట్టుకుని ఎంత ఏడ్చినా ఎక్కనివ్వలేదురా," అంది. "ఊఁ, తియ్యి ఫోటో."